నూకలు చూసినప్పుడే వల వెతకండి

బావమరిది చిట్టీ పాడాడు, ష్యూరిటీ సంతకం అడుగుతున్నాడు. గుడివాడలో, అవనిగడ్డలో ఇలాంటి ఇరకాటంలో పడనివాళ్లు తక్కువ. పెన్ను తీసేముందు రెండు పుస్తకాలు తిరగేయండి: 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రిక, పక్కనే బైబిలు. మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లోనే బడి తెరిచిన బందరులో ఈ రెండూ ఒకే అలమారలో ఉండటం వింతేమీ కాదు.

నీతిచంద్రికలోని మిత్రలాభంలో పావురాలకు అడవిలో నూకలు కనబడతాయి. మనిషి తిరగని చోటికి ఇవెలా వచ్చాయని పావురాల రాజు చిత్రగ్రీవుడి అనుమానం. బంగారు కడియం ఎరచూపి బాటసారిని బురదలో దించిన ముసలిపులి కథ కూడా చెబుతాడు. ఒక పావురం తొందరపెట్టడంతో ఎవరూ వినరు, అన్నీ వలలో పడతాయి. బైబిల్లోని సామెతల గ్రంథం మొదటి అధ్యాయంలోనూ ఇదే హెచ్చరిక: వల పన్నడం కంటపడితే పిట్ట కూడా వాలదట! అక్కడ నూకలు చల్లేది మాతో రమ్మని పిలిచే పాపులు. అసలు సలహా ఆరో అధ్యాయంలో ఉంది. ఎవరి అప్పుకో పూచీపడ్డావా, నిద్ర మానుకుని వెళ్లి బతిమాలైనా సరే, వేటగాడి చేతినుంచి పిట్టలా బయటపడమంటుంది. నామోషీ అనుకునేవాళ్లు ఆ అధ్యాయం రెండుసార్లు చదవాలి.

పడ్డాక ఏం చేయాలి? వలలో పావురాలన్నీ తొందరపెట్టినవాణ్ణి తిట్టిపోస్తుంటే చిత్రగ్రీవుడు ఆపుతాడు. తప్పెవరిదో తేల్చుకునే వేళ కాదది. అన్నీ కలిసి వలతో సహా ఎగురుతాయి. బైబిల్లో ప్రసంగి గ్రంథంలోని మూడు పేటల తాడు కూడా ఇదే బలం. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో రామకృష్ణ మిషన్, క్రైస్తవ సంస్థలు, ప్రభుత్వం ఎవరి చేయి వాళ్లు వేశారు. మతం తర్వాత, ముందు ఇల్లు.

అలా ఎగిరి వచ్చిన చిత్రగ్రీవుడి కట్లు స్నేహితుడైన ఎలుకరాజు హిరణ్యకుడు కొరకబోతే, ముందు నావాళ్లవి అంటాడతను. యోహాను సువార్తలో గొర్రెలకోసం ప్రాణమిచ్చే కాపరికి దగ్గరివాడే. మీ టీము లీడరు ఎలాంటివాడో తెలియాలంటే జీతాలు ఆలస్యమైన నెలలో గమనించండి.

అయితే పోలికలను మరీ సాగదీయొద్దు. నీతిచంద్రికలోనే మిత్రభేదంలో దమనకుడనే నక్క కట్టుకథలతో రాజైన సింహాన్ని రెచ్చగొట్టి, ఎద్దు సంజీవకుణ్ణి చంపిస్తాడు, హాయిగా బతికిపోతాడు. బైబిల్లో నాతాను ప్రవక్త పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి దావీదు రాజుకే అతని తప్పు చూపిస్తాడు. ఇద్దరూ రాజు ముందు కథ చెప్పినవాళ్లే. సహోద్యోగి గురించి పై అధికారికి ఏదైనా చెప్పబోతున్నారా? మీరు ఆ ఇద్దరిలో ఎవరో గుమ్మం దగ్గరే తేల్చుకోండి.