మధ్యాహ్నపు పెండ్లి విందు – గడియారం చూచి వండించండి

ఈస్టరు పండుగ దాటగానే మన సంఘములలో పెండ్లి పిలుపులు మొదలవుతాయి. బడులకు సెలవులు గనుక మే నెల అందరికీ అనుకూలం. చాగలమర్రి, ఆళ్లగడ్డ వైపు ఆ రోజుల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. అందుచేత పెండ్లివారు కార్డులు అచ్చు వేయించక ముందే ఒక లెక్క చూచుకోవాలని మా నర్సింగ్ విభాగం తరఫున కోరుతున్నాము. వంట పొయ్యి దిగిన తరువాత ఆఖరు బంతి లేచేసరికి ఎన్ని గంటలు?

సాధారణంగా వంటమాస్టరు తెల్లవారుజామునే పొయ్యి వెలిగించి ఎనిమిదింటికల్లా బిర్యాని దించేస్తాడు. ఆరాధన పదిన్నరకని కార్డులో ఉంటుంది. పెండ్లికుమార్తె గుడికి వచ్చేసరికి పదకొండున్నర. ప్రసంగం, ప్రమాణాలు, రిజిస్టరులో సంతకాలు, ఆపైన ఫోటోలు. మొదటి బంతి ఒకటిన్నరకు కూర్చుంటే చివరి బంతి మూడింటికి. అంటే ఏడు గంటలు మాంసం షామియానా క్రిందనే ఉంది.

అన్నంలో, మాంసంలో ఉండే కొన్ని సూక్ష్మక్రిముల బీజాలు ఉడికినా చావవు. వేడి 60 డిగ్రీలకంటె తగ్గితే అవి మేలుకొని పెరుగుతాయి. వంటవారి, వడ్డించేవారి చేతి పుండ్లనుండి చేరే మరొక క్రిమి విడిచే విషం తిరిగి వేడిచేసినా పోదు. వాసన మారదు, రుచీ మారదు. "బాగానే ఉండెనే సిస్టరమ్మా" అనే మాట వార్డులో ఎన్నోసార్లు విన్నాము.

కనుక వెనుకనుండి లెక్క వేయండి. మొదటి బంతి ఒంటిగంటకైతే బిర్యాని పన్నెండున్నరకు దిగాలి, రెండవ విడత ఆ తరువాత. వంటమాస్టరుకు ఇది నచ్చదు. బేరం మాట్లాడేటప్పుడే చెప్పండి. పాత్ర క్రింద నిప్పులు ఉండాలి, ముట్టుకుంటే చేయి కాలాలి. పెరుగుపచ్చడి వడ్డించే ముందే కలపండి. ఇరుగుపొరుగుకు పంచదలిస్తే సాయంత్రందాకా ఆగక, విందు జరుగుతుండగానే వేడిగా పంపండి.

కానా విందులో ద్రాక్షారసం తక్కువైంది. మన విందుల్లో తక్కువయ్యేది నీళ్లు. మూత, కుళాయి ఉన్న డ్రమ్ములు గుడి వాకిట కూడా పెట్టించండి. ఐసు దిమ్మె నీళ్లలో వేయవద్దు.

షుగరు ఉన్న పెద్దలు ఉదయం మాత్రో ఇన్సులినో తీసికొని, విందు ఉంది కదా అని టిఫిను మానేసి వస్తారు. పన్నెండింటికి చెమటలు, వణుకు, మాట తడబాటు. ఎండదెబ్బ అనుకొని విసురుతూ కూర్చోకండి. తెలివి ఉంటే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగించి, తరువాత అన్నం పెట్టండి. తెలివి తప్పితే నోట ఏమీ పోయక 108కి ఫోను చేయండి. ఇట్టివారిని, గర్భిణులను, చిన్నపిల్లలను మొదటి బంతిలోనే కూర్చోబెట్టండి, పాస్టరుగారికంటె ముందైనా సరే.

ఆ రాత్రి ఎవరికైనా వాంతులు, విరేచనాలు మొదలైతే లీటరు నీటికి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలిపి కొద్దికొద్దిగా త్రాగించండి. రక్తం పడినా, మూత్రం తగ్గినా, బిడ్డ మత్తుగా ఉన్నా తెల్లవారేదాకా ఆగక ఆస్పత్రికి తీసికొని రండి.