బడి తీర్మానాల పుస్తకంలో మీ సంతకం

చదువవలసిన దివ్యగ్రంథ భాగాలు: అపొస్తలుల కార్యములు 6:1-7, 2 కొరింతీయులు 8:16-21



మీరు మీ పిల్లలు చదివే సర్కారు బడి కమిటీలో సభ్యురాలు అనుకోండి. ఒక సాయంత్రం మీ అబ్బాయి బడి నుండి వచ్చి, సంచిలోంచి పొడవాటి పుస్తకం ఒకటి తీసి, "అమ్మా, సారు ఇక్కడ సంతకం పెట్టి పంపమన్నారు" అంటాడు. పేజీ పైన గత శుక్రవారం తేదీ ఉంది. దాని కింద నాలుగు తీర్మానాలు రాసి ఉన్నాయి. శుక్రవారం నాడు సమావేశం ఏదీ జరగలేదని మీకు తెలుసు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, పొద్దున మళ్ళీ పనికి పోవాలి. సారు మంచివారే. మీ పేరు పక్కన సంతకం పెట్టి పుస్తకం తిరిగి ఇచ్చేస్తారు.

ఇందులో పాపం ఏముంది అని మీరు అడుగవచ్చు. ఎవరి సొమ్మూ తీసుకోలేదు, ఎవరినీ నిందించలేదు. అయినా ఆ సంతకానికి ఒక అర్థం ఉంది. దానిని తెలుసుకోవడమే ఈ వారపు పాఠం.

1. చట్టం మనకు అప్పగించిన బాధ్యత

బడి వ్యవహారాల్లో తల్లిదండ్రులకు చోటు ఉండాలన్నది కొత్త మాట కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే, పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం ఒక చట్టం చేసి, బడి కమిటీలను ఏర్పరచారు. తరువాత పార్లమెంటు చేసిన బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడులలో పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యులలో నాలుగింట మూడు వంతుల మంది ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు తగిన పాలు దక్కాలి. 2011లో వచ్చిన రాష్ట్ర నియమాలు ఒక్కొక్క తరగతి నుండి ముగ్గురు తల్లిదండ్రులను, తల్లిదండ్రులే ఎన్నుకోవాలని చెప్పాయి. ప్రధానోపాధ్యాయులు కమిటీకి కన్వీనరు.

ఈ కమిటీ చేయవలసిన పనులు ముఖ్యంగా మూడు. బడి ఎలా నడుస్తున్నదో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయటం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో గమనించటం. 22వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఇచ్చే నిధులకు ఈ ప్రణాళికే ఆధారం కావాలి. అంటే బాలికలకు మరుగుదొడ్డి కావాలని కమిటీ రాయకపోతే, దానిని అడగవలసిన చోట ఎవరూ అడగలేదన్నమాట.

2. సభ ఎలా జరగాలి?

కేంద్ర ప్రభుత్వం 2010లో రూపొందించిన నమూనా నియమాలు సభ నడిపే పద్ధతిని తేటగా చెబుతున్నాయి. నెలకు ఒకసారి అయినా కమిటీ కూడాలి. అధ్యక్షులు, ఉపాధ్యక్షులు తల్లిదండ్రులలో నుండే రావాలి. చర్చలూ నిర్ణయాలూ సరిగా రాయాలి, రాసినవి ప్రజలకు అందుబాటులో ఉంచాలి. సొమ్ము వేరే ఖాతాలో ఉండాలి, ఏటేటా ఆడిట్ జరగాలి. జమాఖర్చుల లెక్కపై అధ్యక్షులు గాని ఉపాధ్యక్షులు గాని, కన్వీనరుతో కలిసి సంతకం చేయాలి.

"ప్రజలకు అందుబాటులో" అన్న మాటను గమనించండి. తీర్మానాల పుస్తకం హెడ్మాస్టరు గారి బీరువాకు చెందినది కాదు. కమిటీలో లేని తల్లి కూడా దానిని అడిగి చూడవచ్చు. మర్యాదగా అడిగినా చూపకపోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి. అయితే అది చివరి మెట్టు. ముందు సభలో అడగండి.

సొమ్ము సంగతి కూడా తెలుసుకోవాలి. 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకంలో, పిల్లల సంఖ్యను బట్టి బడికి ఏటా ఒక గ్రాంటు లెక్క ఉంది. 250 మంది దాటి వెయ్యి మంది వరకు ఉన్న బడికి 75 వేల రూపాయలు, వెయ్యి దాటితే లక్ష రూపాయలు. పెద్ద మొత్తమేమీ కాదు. సుద్దముక్కలకూ, కరెంటు బిల్లుకూ, కుళాయి మరమ్మతుకూ అందులోనే సర్దుకోవాలి. కొంచెమే ఉన్నచోట ఏది ముందు, ఏది వెనుక అన్న నిర్ణయం మరీ ముఖ్యం. ఆ నిర్ణయం తీసుకోవడానికే సభ.

తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు వీటికి అధ్యక్షత వహిస్తారు. తాగునీరు, మరుగుదొడ్లు, చిన్న మరమ్మతుల వంటి పనులు వీటికి అప్పగించారు. కనుక ఒక పని గురించి అడిగేటప్పుడు, దానిని ఏ కమిటీ ఏ రోజున తీర్మానించింది అని అడగటం మంచిది.

3. బాచుపల్లిలో ఎందుకు ఈ మాట?

బాచుపల్లి ఒకప్పుడు గ్రామ పంచాయతీ. 2016లో మండల కేంద్రమైంది, 2019లో నిజాంపేట నగరపాలక సంస్థలో కలిసింది. పంచాయతీ ఉన్న రోజుల్లో బడి గోడ కూలితే రచ్చబండ దగ్గర పదిమంది మాట్లాడుకునేవారు. ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి, ఊరు పెరిగింది, పక్కింటివారి పేరు తెలియదు. ఇంటింటికీ పచ్చ బస్సులూ పసుపు బస్సులూ వచ్చి పిల్లలను ప్రైవేటు బడులకు తీసుకుపోతాయి. సర్కారు బడికి నడిచి వెళ్ళేది ఎక్కువగా వాచ్‌మన్ల పిల్లలు, ఇళ్ళలో పనిచేసే అమ్మల పిల్లలు, కట్టడాల దగ్గర గుడిసెల్లో ఉండే వలస కూలీల పిల్లలు.

ఈ పిల్లల కోసం చట్టంలో రక్షణలు ఉన్నాయి. వయసు ధ్రువపత్రం లేదని బడిలో చేర్చుకోకుండా పంపరాదు. పాత బడి నుండి టి.సి. రావడం ఆలస్యమైనా చేర్చుకోవాలి. కాని ఒరిస్సా నుండి వచ్చిన కూలీకి ఈ సంగతి ఎవరు చెబుతారు? తెలుగు రాని ఆ తండ్రి తరఫున సభలో ఎవరు నిలబడతారు? జరగని సభలో అతని బిడ్డ పేరు వినిపించదు. పుస్తకంలో మాత్రం "అందరు పిల్లలూ చేరారు" అని ఉంటుంది. దాని కింద మీ సంతకం ఉంటుంది.

4. సంతకం అంటే సాక్ష్యం

ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధ సాక్ష్యాన్ని నిషేధిస్తున్నది. మనం దానిని కోర్టు బోనుకే పరిమితం చేసుకుంటాం. అయితే తీర్మానం కింద సంతకం పెట్టడమంటే, "నేను అక్కడ ఉన్నాను, ఇది విన్నాను, దీనికి ఒప్పుకున్నాను" అని లిఖితంగా సాక్ష్యం చెప్పడమే. జరగని సభకు సంతకం పెట్టినవారు, తెలియకనైనా, ఆ ఆజ్ఞ సరిహద్దు దాటుతున్నారు. నష్టపోయేది ఎవరు? నోరు లేని పిల్లలు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. హెడ్మాస్టరు గారిని దోషిగా నిలబెట్టడం ఈ పాఠం ఉద్దేశం కాదు. పై కార్యాలయం ఫలానా తేదీ లోపల తీర్మానం పంపమంటుంది. సభకు పిలిస్తే ఇద్దరు వస్తారు. మిగతావారికి ఒక పూట రాకపోతే కూలి పోతుంది. అప్పుడు పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది. తప్పు ఒక్కరిది కాదు కనుక, దిద్దుబాటు కూడా అందరూ కలిసి చేయవలసినదే.

5. యెరూషలేములో జరిగిన సభ

తొలి క్రైస్తవ సంఘంలో కూడా పంపకం దగ్గరే తగువు వచ్చింది. గ్రీకు భాష మాట్లాడే విశ్వాసుల విధవరాండ్రకు ప్రతిరోజు జరిగే పంపకంలో అన్యాయం జరుగుతున్నదని సణుగుడు మొదలైంది. అప్పుడు పన్నెండుగురు అపొస్తలులు ఏమి చేశారు?

మొదటిది, ఫిర్యాదు చేసినవారిని గద్దించలేదు. రెండవది, తలుపు మూసుకొని తామే తేల్చుకోలేదు. శిష్యులందరినీ పిలిచారు. మూడవది, ఎటువంటివారు కావాలో చెప్పి, ఎన్నుకొనే పని సంఘానికే వదిలారు. మంచి పేరు, ఆత్మ, వివేకం, ఇవే ఆ అర్హతలు. నాలుగవది, ఎన్నికైన ఏడుగురిని అందరి ముందు నిలబెట్టి, ప్రార్థించి, చేతులు ఉంచారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి: స్తెఫాను, ఫిలిప్పు మొదలైనవన్నీ గ్రీకు పేర్లే. నష్టపోయామన్న వారి నుండే బాధ్యులను ఎన్నుకున్నారని దానిని బట్టి గ్రహించవచ్చు. బలహీనవర్గాల తల్లిదండ్రులకు కమిటీలో పాలు ఉండాలన్న నేటి చట్టం వెనుక ఉన్న న్యాయం కూడా ఇదే గదా! ఆ తరువాత దేవుని వాక్కు మరింత వ్యాపించిందని లూకా రాశాడు.

పునీత పౌలు యెరూషలేములోని పేదల కోసం చందా పోగుచేసినప్పుడు ఆ సొమ్మును ఒక్కడే మోసుకుపోలేదు. తీతుతో పాటు, సంఘాలు ఎన్నుకున్న సోదరుని కూడా పంపాడు. ఆ పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తమను వేలెత్తి చూపకూడదనీ, దేవుని ఎదుటనే గాక మనుష్యుల ఎదుట కూడా తమ నడత సరిగా ఉండాలనీ దానికి కారణం చెప్పాడు. పౌలును ఎవరైనా దొంగ అంటారా? అయినా ఆయన లెక్కకు తోడు పెట్టుకున్నాడు. లెక్క అడగటం అనుమానం కాదు, లెక్క చూపటం అవమానం కాదు.

6. మన బడుల మాట

"ఇది సర్కారు బడి సంగతి, మా పిల్లలు ప్రైవేటు బడికి పోతారు" అని కొందరు అనుకోవచ్చు. ప్రభుత్వ సహాయం పొందని బడులకు 21వ సెక్షన్ కమిటీ వర్తించదు, నిజమే. అయితే ప్రైవేటు బడుల కోసం 1994 జనవరి 1న వచ్చిన జీ.ఓ. నెంబరు 1 పాలక మండలిలో తల్లిదండ్రుల ప్రతినిధి ఉండాలని చెప్పింది. వచ్చిన రాబడిలో సగం జీతాలకు ఖర్చు చేయాలనీ, యాజమాన్యానికి 5 శాతమేననీ లెక్క కూడా కట్టింది. మీ పిల్లల బడిలో ఆ ప్రతినిధి ఎవరో మీకు తెలుసా?

మన కథోలిక బడుల విషయం మరింత సూటిగా చెప్పుకోవాలి. 2012 నాటి సవరణ అల్పసంఖ్యాకుల బడులలో ఈ కమిటీని సలహాలకే పరిమితం చేసింది. 2014లో సుప్రీంకోర్టు అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు ఆ చట్టమే వర్తించదని తీర్పు చెప్పింది. మన బడుల స్వేచ్ఛను కాపాడుకోవడం అవసరమే. కాని శ్రీసభ సొంత చట్టం మనకు మినహాయింపు ఇవ్వలేదు. 1983 నాటి ధర్మశాస్త్రం 796వ సూత్రం ఉపాధ్యాయులు తల్లిదండ్రుల మాట మనసుపెట్టి వినాలనీ, తల్లిదండ్రుల సంఘాలను గాని సమావేశాలను గాని ఏర్పాటు చేయాలనీ ఆదేశిస్తున్నది. 1965లో ద్వితీయ వాటికన్ మహాసభ విద్యపై వెలువరించిన ప్రకటన బిడ్డలకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని బోధించింది. సర్కారు బడిలో లెక్క అడిగే మనం, మన బడిలో లెక్క చూపడానికి వెనుకాడితే మన మాటకు విలువ ఉంటుందా?

7. ఈ నెలలో చేయదగిన పనులు

కమిటీ సభ్యులైన తల్లులారా, తండ్రులారా, జరగని సభకు సంతకం పెట్టకండి. కోపంతో కాదు, "సారూ, ఒక అరగంట అందరం కూర్చుందాం, అక్కడే పెడతాను" అని చెప్పండి. కూలి పోని సాయంత్రమో సెలవు రోజో సూచించండి. సభలో తీర్మానాలు బిగ్గరగా చదవమని అడగండి. చదువు రాని తల్లికి వేలిముద్ర వేసే ముందు విని అర్థం చేసుకునే హక్కు ఉంది.

ఇళ్ళలో పనివారిని పెట్టుకున్న కుటుంబాలకు ఒక మనవి. మీ ఇంట గిన్నెలు తోమే అమ్మ బడి కమిటీ సభ్యురాలు కావచ్చు. "బడిలో మీటింగు ఉందమ్మా" అని ఆమె అంటే, జీతం కోయకుండా రెండు గంటలు పంపండి. ఆ బడికి మీరు ఇవ్వగలిగిన పెద్ద కానుక అదే. లెక్కలు తెలిసిన మీలో ఒకరు, ఒక ఆదివారం దివ్యపూజ తరువాత, జమాఖర్చుల కాగితం ఎలా చదవాలో నలుగురు తల్లులకు నేర్పవచ్చు.

కుటుంబ ప్రార్థన తరువాత ఆలోచించండి

- మన పిల్లల బడిలో చివరి సభ ఎప్పుడు జరిగింది? అందులో ఏమి నిర్ణయించారు?
- చదవకుండా నేను సంతకం పెట్టిన కాగితాలు ఉన్నాయా? వాటి వల్ల ఎవరికి నష్టం కలిగి ఉండవచ్చు?
- మన వీధిలో బడికి పోని బిడ్డ ఎవరైనా ఉన్నారా? ఆ బిడ్డ పేరును సభలో ఎవరు చెబుతారు?

ప్రార్థన: ప్రభువా, మా చేతితో రాసే ప్రతి అక్షరం మా నోటి మాట వలె సత్యమై ఉండునట్లు చేయండి. నోరు లేని బిడ్డల తరఫున నిలబడే ధైర్యాన్నీ, అందరితో కలిసి కూర్చునే ఓర్పునూ మాకు దయచేయండి. ఆమెన్.