కుడిదారి, ఎడమదారి: పరదేశంలో మన డ్రైవరు

మన కళాశాల విద్యార్థి ప్రతిదినం రెండు లిపులు చదువుతాడు. ఉర్దూ పుస్తకం తెరిచినపుడు అతని చూపు కుడినుండి ఎడమకు సాగుతుంది. తెలుగు వాచకం తెరిచినపుడు ఎడమనుండి కుడికి సాగుతుంది. ఈ మార్పు అతనికి కష్టమనిపించదు. అక్షరాన్ని చూడగానే అది ఏ లిపియో మనస్సు గుర్తిస్తుంది. ఆ పిమ్మటనే కన్ను కదులుతుంది. పరదేశపు రహదారిపై కాలు మోపే యువకునికి కావలసిన విద్య కూడ ఇదియే. అయితే పుస్తకంలో పొరపడినవాడు పంక్తిని మరల చదువుకొనవచ్చును. రహదారిపై ఆ అవకాశం లేదు.

1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట గల్ఫ్ దేశాలలో పనులు విస్తరించాయి. నాటినుండి కడప, చిత్తూరు సీమలవారు వేల సంఖ్యలో కువైట్‌కు వెళ్ళారు, నేటికీ వెళ్తున్నారు. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల యువకులు అక్కడ చేసే పనులలో ఇంటి డ్రైవరు పని ముఖ్యమైనది. యజమాని పిల్లలను బడికి చేర్చటం, పెద్దలను ఆసుపత్రికి తీసుకుపోవటం వారి బాధ్యత. కావున ఈ విషయం మనకు దూరదేశపు ముచ్చట కాదు. మన వీథిలోని కుటుంబాల క్షేమానికి సంబంధించినది.

బ్రిటిషువారి పాలననుండి మనకు ఎడమవైపు నడిచే పద్ధతి సంక్రమించింది. కువైట్‌లో వాహనాలు కుడివైపు నడుస్తాయి. స్వీడన్ దేశం 1967 సెప్టెంబరు 3వ తేదీన ఎడమను విడిచి కుడికి మారింది. గల్ఫ్‌లోని బహ్రెయిన్ కూడ అదే సంవత్సరం అట్లే మారింది. స్వీడన్ అనుభవం మనకొక పాఠం. మార్పు జరిగిన తొలిదినాలలో ప్రమాదాలు పెరగలేదు సరికదా, తగ్గాయి! ప్రతివాడు భయపడి, ఆచితూచి నడిపినాడు. క్రొత్తదనం పోయి ధైర్యం వచ్చిన కొంతకాలానికి ప్రమాదాలు మరల పాతస్థాయికి చేరుకున్నాయి. కావున ప్రమాదం తెలియనితనంలో కంటె, తెలిసిపోయిందనుకొనటంలో అధికంగా ఉన్నది.

కువైట్ కారులో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. మలుపు దీపం వెలిగించబోయి అద్దం తుడిచే మీటను కదిలించటం క్రొత్తవారికి సహజం. అది నవ్వుకొని మరచిపోదగిన పొరపాటు. కాని కూడలివద్ద ఎడమకు తిరిగేటపుడు, అలవాటు చొప్పున దగ్గరి వరుసలో ప్రవేశించినవాడు ఎదురువచ్చే వాహనాలకు అభిముఖుడవుతాడు. ప్రత్యేకించి తెల్లవారుజామున దారి ఖాళీగా ఉన్నపుడు ఈ భ్రమ కలుగుతుంది. ముందు నడిచే వాహనం ఉంటే అదే దారి చూపుతుంది. గుండ్రని కూడలిలో వాహనాలు మన గడియారపు ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతాయి. లోపల తిరుగుతున్నవారికి దారి ఇచ్చి, ఎడమవైపు చూచి ప్రవేశించాలి. నడిచిపోయేవారికీ ఇదే సూత్రం: ఇక్కడ మొదట కుడివైపు చూస్తాము, అక్కడ మొదట ఎడమవైపు చూడాలి.

వ్రాసిన శాసనంతో పాటు ప్రతి రహదారికి వ్రాయని భాష ఒకటి ఉంటుంది. మన లారీల వెనుక హారను కొట్టమని వ్రాసి ఉంటుంది. హారను ఇక్కడ పలకరింపు వంటిది. అక్కడ అది తరచు కోపానికి గుర్తు. మన దారిలో ఎదుటివాడు దీపాలు మిణుకుమనిపిస్తే, 'నేను వస్తున్నాను, నీవు ఆగు' అని అర్థం. అక్కడి వేగమార్గంలో వెనుకవాడు దీపాలు మిణుకుమనిపిస్తే, 'ప్రక్కకు తొలగు' అని అర్థం. ఎడమ చివరి వరుస వేగంగా పోయేవారిది. క్రొత్తవాడు కుడివైపు వరుసలోనే ఉండి, ముందు వాహనానికి తగిన దూరం పాటించటం క్షేమం. ఇతరుల దూకుడుతో పోటీపడటం పౌరుషం కాదు.

శాసనం కూడ కఠినమైనది. 2025 ఏప్రిల్ 22నుండి అమలులోకి వచ్చిన కువైట్ ట్రాఫిక్ చట్టం ప్రకారం ఎర్రదీపం దాటితే 150 దీనార్లు, నడుపుతూ ఫోను పట్టుకుంటే 75 దీనార్లు జరిమానా. అక్కడ ఇంటిపనివారికి 2016లో నిర్ణయించిన కనీస వేతనం నెలకు 60 దీనార్లు. ఊరినుండి తల్లి చేసిన ఫోనును ఆ క్షణంలో ఎత్తినందుకు ఒక నెల జీతానికి మించి చెల్లించవలసి రావచ్చును. ప్రాణం పోతే 'దియా', అనగా రక్తపరిహారం, అదనం. కావున కుటుంబసభ్యులకు కూడ ఒక కర్తవ్యమున్నది: అతడు బండి నడిపే వేళ తెలుసుకొని, ఆ వేళ పిలువకుండుట.

ఇక సెలవుపై స్వదేశానికి వచ్చినపుడు ఇదే పాఠం తలక్రిందులుగా చదవాలి. రెండేండ్లు కుడిదారికి అలవాటుపడిన కన్ను ఒక్క దినంలో మారదు. పలమనేరునుండి చిత్తూరు వైపు దిగే మొగిలి ఘాట్‌లో 2024 సెప్టెంబరులో బస్సు, లారీ ఢీకొని పలువురు మరణించిన దుర్ఘటన మనకు తెలిసినదే. దేశం మొత్తంలో 2022లో రహదారులపై 1,68,491 మంది మరణించారు. అట్టి దారిలో, విమానం దిగిన అలసటతో, తానే బండి నడిపి ఇల్లు చేరాలనే తొందర తగదు.

బాటలోని ముల్లును తొలగించటం కూడ విశ్వాసంలో భాగమని మన పెద్దలు బోధిస్తారు. అజాగ్రత్తగా బండి నడిపేవాడు తానే బాటకు ముల్లు అవుతున్నాడు. విద్యార్థులారా! మీలో ఎవరైనా రేపు విదేశానికి వెళ్ళవచ్చును. లేదా మీ అన్నలు ఇప్పటికే అక్కడ ఉండవచ్చును. వారికి మీ తదుపరి ఉత్తరంలోనో, ఫోనులోనో ఒక్కమాట చెప్పండి: తాళంచెవి త్రిప్పేముందు ఒక్క క్షణం ఆగి, 'ఇది ఏ లిపి?' అని తనను తాను ప్రశ్నించుకొమ్మని. ఎదురుచూసే ఇంటికి ఆ ఒక్క క్షణమే పెద్ద కానుక.