సరస్సుపై పొగ

స్విట్జర్లాండు దేశంలో జెనీవా సరస్సు తీరాన మాంట్రో పట్టణం ఉంది. 1971 డిసెంబరులో ఇంగ్లండుకు చెందిన డీప్ పర్పుల్ వాద్యబృందం అక్కడి కాసినో భవనంలో తమ గీతాలను ముద్రించుకోదలచింది. ధ్వనిముద్రణ యంత్రాలు అమర్చిన లారీని అద్దెకు తెచ్చుకొంది. డిసెంబరు 4న అదే భవనంలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా, ప్రేక్షకులలో ఒకడు నిప్పురవ్వలు చిమ్మే సంకేత తుపాకిని పైకప్పువైపు పేల్చాడు. భవనం భస్మమైంది. కచేరీ నిర్వాహకుడు క్లాడ్ నాబ్స్ పలువురిని వెలుపలికి చేర్చాడు. అదృష్టవశాత్తు ప్రాణనష్టం జరగలేదు.

వేదిక కోల్పోయిన బృందం పెవిలియన్ అనే నాటకశాలకు చేరింది. రిచీ బ్లాక్‌మోర్ గిటారుపై కూర్చిన స్వరాలను అక్కడ ముద్రిస్తుండగా, ఆ హోరు భరించలేక ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేశారు. పోలీసులు వచ్చారు. చివరకు శీతకాలంలో మూసి ఉన్న గ్రాండ్ హోటల్ నడవలలో పరుపులు అడ్డుపెట్టి పని పూర్తిచేశారు.

సరస్సుపై కమ్ముకొన్న పొగ వారి మనసులను వీడలేదు. ఒకనాడు రోజర్ గ్లోవర్ నిద్ర మేల్కొంటూ పలికిన మాటలే 'స్మోక్ ఆన్ ద వాటర్' అనే శీర్షిక అయ్యాయి. జరిగిన కథనే ఇయాన్ గిలాన్ గానం చేశాడు. 1972లో 'మెషిన్ హెడ్' ఆల్బమ్‌లో వెలువడిన ఈ గీతం హెవీ మెటల్ సంగీతంలో చిరస్థాయిగా నిలిచింది. వేదిక కాలిపోయిందని ఆ కళాకారులు వెనుదిరిగి ఉంటే ఈ పాట పుట్టేదే కాదు.