పాత మానిటర్ మార్చాలా? ఓఎల్ఈడీ, మినీ ఎల్ఈడీ కొనేముందు ఈ లెక్కలు చూడండి

ఆన్‌లైన్ సేల్ ఏది వచ్చినా మానిటర్ల పేజీ నిండా ఓఎల్ఈడీ, మినీ ఎల్ఈడీ, 240 హెర్ట్జ్, హెచ్‌డీఆర్ అన్న మాటలే. మనలో చాలామంది టేబుల్ మీద ఉన్నది మాత్రం 24 అంగుళాల 1080పి, 60 హెర్ట్జ్ ఐపీఎస్ మానిటరే. అది ఇంకా శుభ్రంగా పనిచేస్తోంది కూడా. మరి జీతంలో పెద్ద ముక్క పెట్టి దాన్ని మార్చడంలో అర్థం ఉందా?

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పగలంతా కోడ్, రాత్రి అదే స్క్రీన్ మీద సినిమా లేదా గేమ్. కాబట్టి నాకు "ఏ ప్యానెల్ గొప్పది" అన్న ప్రశ్న కంటే "నేను ఎక్కువసేపు చూసేది ఏంటి" అన్న ప్రశ్నే ముఖ్యం. అక్షరాలు, కదలిక, నలుపు, మన్నిక. ఈ నాలుగూ విడివిడిగా చూద్దాం.

1. అక్షరాలు: ఇక్కడ పని చేసేది రిజల్యూషన్

ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చెప్పేదే పీపీఐ. 24 అంగుళాల 1080పిలో ఇది 92. 27 అంగుళాల 1440పిలో 109. 27 అంగుళాల 4కెలో 163.

ఈ అంకెలకి కంటితో సంబంధం ఏంటంటే, మామూలు చూపు ఉన్న మనిషి 60 సెంటీమీటర్ల దూరం నుంచి సుమారు 0.17 మిల్లీమీటర్ల వివరం దాకా విడిగా గుర్తుపట్టగలడు. 92 పీపీఐలో ఒక్కో పిక్సెల్ సైజు 0.28 మిల్లీమీటర్లు, 109లో 0.23, 163లో 0.16. అంటే మొదటి రెండింటిలో అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కంటికి తగులుతూనే ఉంటాయి. 4కెలో అవి మాయమైపోతాయి. తెలుగు ఫాంట్లలో ఒత్తులు, గుడులు చిన్నగా ఉంటాయి కాబట్టి తెలుగు చదివేవాళ్లకి ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

గమనించండి, ఇందులో కొత్త డిస్‌ప్లే టెక్నాలజీ ఏమీ లేదు. మామూలు 4కె ఐపీఎస్ ప్యానెల్ చాలు.

2. కదలిక: మొదటి మెట్టు పెద్దది, రెండోది చిన్నది

60 హెర్ట్జ్ స్క్రీన్ 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి కొత్త ఫ్రేమ్ చూపిస్తుంది. 120 హెర్ట్జ్ అయితే 8.3, 240 హెర్ట్జ్ అయితే 4.2. మొదటి రెట్టింపుతో 8.4 మిల్లీసెకన్లు మిగిలితే, రెండో రెట్టింపుతో మిగిలేది 4.1 మాత్రమే. అందుకే 60 నుంచి 120కో 144కో వెళ్తే మౌస్ కదిలించగానే తెలిసిపోతుంది. అక్కడి నుంచి 240కి వెళ్తే వేగంగా ఆడే షూటింగ్ గేమ్స్‌లో తప్ప పెద్దగా తెలియదు. పైగా మీ గ్రాఫిక్స్ కార్డు అన్ని ఫ్రేములు ఇవ్వగలగాలి కదా.

అలాగని ఓఎల్ఈడీకి ఇక్కడ లాభం లేదని కాదు. ఎల్‌సీడీలో లిక్విడ్ క్రిస్టల్ కదిలి రంగు మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఓఎల్ఈడీ పిక్సెల్ దాదాపు తక్షణమే మారుతుంది. అందుకే ఒకే 120 హెర్ట్జ్ దగ్గర రెండూ పక్కపక్కన పెడితే ఓఎల్ఈడీలో కదిలే బొమ్మ శుభ్రంగా కనిపిస్తుంది.

3. నలుపు: రాత్రి హీరో, పగలు మామూలే

ఎల్‌సీడీలో వెనక లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందున్న పొర దాన్ని అడ్డుకుంటుంది. పూర్తిగా అడ్డుకోలేదు. సాధారణ ఐపీఎస్ కాంట్రాస్ట్ 1000:1. అంటే తెలుపు 250 నిట్స్ ఉంటే నలుపు కూడా 0.25 నిట్స్ వెలుగుతుంది. చీకటి గదిలో సినిమా చూస్తే నలుపు బూడిద రంగులో కనిపించేది ఇందుకే. వీఏ ప్యానెల్ సుమారు 3000:1 ఇస్తుంది.

మినీ ఎల్ఈడీ ఆ వెనక లైటునే జోన్లుగా విడగొడుతుంది. బాగానే ఉంది కానీ లెక్క చూడండి. 4కె స్క్రీన్‌లో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. 1152 జోన్లు ఉన్నా ఒక్కో జోన్ కింద 7,200 పిక్సెళ్లు వస్తాయి. నల్లటి స్క్రీన్ మీద తెల్లటి కర్సర్ కదిలితే దాని చుట్టూ చిన్న వెలుగు వలయం కనిపించేది అందుకే. డార్క్ థీమ్‌లో కోడ్ రాసేవాళ్లు లోకల్ డిమ్మింగ్ ఆపేసుకోవడం మంచిది.

ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ తనంతట తాను ఆరిపోతుంది. చీకటి గదిలో దానికి పోటీ లేదు. కానీ ట్యూబ్ లైట్ కింద, కిటికీ పక్కన? స్క్రీన్ మీద పడి తిరిగొచ్చే వెలుతురే ఆ నలుపుని చాలావరకు మింగేస్తుంది. క్యూడీ-ఓఎల్ఈడీ రకంలో పోలరైజర్ పొర ఉండదు కాబట్టి వెలుతురున్న గదిలో నలుపు కొంచెం ఊదారంగు బూడిదలా కనిపిస్తుంది.

4. మన్నిక: ఫోన్‌లో బాగుంది కదా అనకండి

మన ఫోన్లలో చాలావాటిది ఓఎల్ఈడీయే, వాటికి ఏమీ కాలేదు కదా అనిపిస్తుంది. ఫోన్ స్క్రీన్ ఆగి ఆగి వెలుగుతుంది, బొమ్మ మారుతూ ఉంటుంది. మానిటర్ మీద టాస్క్‌బార్, ఎడిటర్ పక్క ప్యానెల్ రోజూ ఎనిమిది గంటలు ఒకే చోట ఉంటాయి. ఎక్కువ వెలిగిన పిక్సెల్ త్వరగా అరుగుతుంది. బర్న్-ఇన్ అంటే అదే.

దీనికోసం మానిటర్ కొన్ని గంటల వాడకం తర్వాత, స్టాండ్‌బైలో ఉన్నప్పుడు, పిక్సెళ్లని సరిచేసుకునే పని చేస్తుంది. మన ఇళ్లలో పని అవ్వగానే గోడ దగ్గర స్విచ్ ఆపేయడం అలవాటు. అలా ఆపితే ఆ పని జరగదు. ఓఎల్ఈడీ కొంటే ఈ అలవాటు మార్చుకోవాలి. వారంటీలో బర్న్-ఇన్ అన్న మాట రాసి ఉందో లేదో కూడా చదవండి.

ఇంకో విషయం. ఓఎల్ఈడీ ప్యానెళ్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం సబ్ పిక్సెళ్ల అమరిక చాలావరకు మామూలు ఎల్‌సీడీలా ఉండదు. విండోస్ అక్షరాలు మామూలు అమరికని ఊహించుకుని గీస్తుంది. దాంతో 109 పీపీఐ దగ్గర అక్షరాల అంచుల్లో సన్నగా రంగు కనిపిస్తుంది. 163 పీపీఐ దగ్గర ఇది పెద్ద సమస్య కాదు.

కొనేముందు మూడు పనులు

* సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, దాని కింద అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి ఇప్పుడున్న రిఫ్రెష్ రేట్ చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ అయినా 60 దగ్గరే నడుస్తూ ఉండొచ్చు.
* ల్యాప్‌టాప్ పోర్టు చూడండి. హెచ్‌డీఎంఐ 1.4తో 4కె కేవలం 30 హెర్ట్జ్ వస్తుంది, 2.0తో 60. డిస్‌ప్లేపోర్ట్ 1.4తో 120 దాకా వెళ్లొచ్చు.
* "హెచ్‌డీఆర్ 400" స్టిక్కర్ చూసి మోసపోకండి. ఎల్‌సీడీకి ఆ సర్టిఫికెట్ రావడానికి లోకల్ డిమ్మింగ్ అవసరమే లేదు. ఓఎల్ఈడీకి ఇచ్చే "ట్రూ బ్లాక్ 400" వేరు.

మరి మార్చాలా?

రోజంతా కోడ్, డాక్యుమెంట్లు చూసేవాళ్లు: మార్చండి, కానీ 27 అంగుళాల 4కె ఐపీఎస్‌కి. కళ్లకి రోజూ తెలిసే మార్పు ఇదే. ఓఎల్ఈడీకి పెట్టే అదనపు డబ్బు మంచి కుర్చీకి పెట్టొచ్చు.

60 హెర్ట్జ్ మీద గేమ్స్ ఆడేవాళ్లు: 1440పి, 144 లేదా 165 హెర్ట్జ్ ఐపీఎస్ చాలు.

రాత్రిపూట సినిమాలు, గేమ్స్ మాత్రమే, ఆఫీసు పనికి వేరే స్క్రీన్ ఉంది: ఓఎల్ఈడీకి పెట్టిన ప్రతి రూపాయీ కనిపిస్తుంది. ధైర్యంగా వెళ్లండి.

ఇప్పటికే 1440పి, 144 హెర్ట్జ్ ఉన్నవాళ్లు: ఆగండి. రాత్రి నలుపు బూడిదగా కనిపిస్తుంటే మానిటర్ వెనక గోడ మీద పడేలా చిన్న లైటు పెట్టి, బ్రైట్‌నెస్ తగ్గించి చూడండి. సమస్య సగం తగ్గుతుంది.

నా వాడకంలో అక్షరాలదే పెద్ద వాటా. అందుకే ఈసారి నా డబ్బు 4కె ఐపీఎస్‌కే. మీ రోజులో ఏ వాటా పెద్దదో ఒక వారం గమనించి, ఆ తర్వాతే కార్ట్ తెరవండి.