కాళ్ళ వాపుకూ గుండెకూ సంబంధమేమిటి?

మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని రాత్రిళ్ళు పడుకోలేక మంచం మీద కూర్చునే పెద్దవాళ్ళు ఉన్నారా? మా పెదనాన్నగారు అలాగే కూర్చునేవారు. మొదట ఒక దిండు, తరువాత రెండు, చివరికి గోడకు చేరగిలబడితే తప్ప ఊపిరాడేది కాదు. ఉబ్బసమనుకున్నాం. పాదాలు వాచి చెప్పులు పట్టకపోతే, వయసు మీదపడింది కదా అనుకున్నాం. ఒకనాడు డాక్టరుగారు ఆయన ముంగాలి మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీశారు. అక్కడ పడిన గుంట చాలాసేపు పూడలేదు. మరికొన్ని పరీక్షలు చేసి, "లోపం గుండెలో ఉంది" అన్నారు. అప్పటికి ఇరవై ఏళ్ళుగా రక్తప్రసరణ పాఠం చెబుతున్న నాకు ఆ సంగతి తట్టనే లేదు!

ఈ జబ్బును హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. పేరు విని గుండె ఆగిపోవడమని అనుకోకండి. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కాని శరీరానికి కావలసినంత రక్తాన్ని పంపలేకపోతుంది. గుండెపోటు వేరు. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం హఠాత్తుగా మూసుకుపోతే వచ్చేది గుండెపోటు. అందులో కొంత కండరం చచ్చిపోతే మిగిలిన గుండె బలహీనపడి ఈ జబ్బుకు దారి తీయవచ్చు.

పెద్దవారి గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకుంటూ, ఒక్కోసారి దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని నెడుతుంది. రెంటినీ గుణించండి. నిమిషానికి ఇంచుమించు 5 లీటర్లు! పరుగెత్తేటప్పుడు ఇది మూడు నాలుగు రెట్లు కావాలి. అలసిన గుండెకు అది చేతకాదు. అందుకే మెట్లెక్కేటప్పుడు ముందుగా ఆయాసం కనబడుతుంది.

ఇక దిండ్ల సంగతి. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తం ఎడమ కర్ణిక ద్వారా ఎడమ జఠరికకు చేరుతుందని చదువుకున్నారు కదా. ఆ జఠరిక వచ్చినదాన్ని వచ్చినట్టు పంపలేకపోతే, తూము పూడిన కాలువలో నీరు వెనక్కి ఎగదన్నినట్టు రక్తం వెనక నిలుస్తుంది. ఊపిరితిత్తుల్లోని సన్నని నాళాల్లో ఒత్తిడి పెరిగి, ద్రవం గాలిగదుల్లోకి ఊరుతుంది. పడుకుంటే కాళ్ళలోని రక్తం కూడా ఛాతీకి చేరి ఆయాసం ఎక్కువవుతుంది. కుడి జఠరిక అలసినప్పుడు రక్తం శరీరం వైపు నిలుస్తుంది. మెడ సిరలు ఉబ్బుతాయి, పాదాల్లో నీరు దిగుతుంది. (కాళ్ళు వాచినవారందరికీ గుండె జబ్బే అనుకోకండి. మూత్రపిండాల జబ్బులోనూ వాపు వస్తుంది.)

అన్నిటికంటె విచిత్రం మూత్రపిండాలు చేసే పని. తమకు వచ్చే రక్తం తగ్గగానే, ఒంట్లో రక్తం ఎక్కడో కారిపోతోందని భ్రమపడినట్టు, ఉప్పునూ నీటినీ బయటికి పోనీయకుండా దాచుకుంటాయి. గాయం తగిలినప్పుడు ప్రాణం నిలిపే ఉపాయమే ఇది! ఇక్కడ మాత్రం, అసలే మోయలేని గుండె మీద మరింత బరువు పడుతుంది. ఈ జబ్బు ఉన్నవారిని రోజూ బరువు చూసుకోమనేది ఇందుకే. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది సాధారణంగా కొవ్వు కాదు, నీరు.

అధిక రక్తపోటు, మధుమేహం, మితిమీరిన మద్యం ఈ జబ్బుకు దారి తీస్తాయి. ఇవి ఎక్కువగా పెద్దల సంగతులు. మీ వయసువారిది వేరే ఉంది. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల గొంతునొప్పి వచ్చిన కొందరు పిల్లలకు, రెండు మూడు వారాల తరువాత రుమాటిక్ జ్వరం రావచ్చు. ఇది ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ళవారికి వస్తుంది. కీళ్ళ నొప్పులు తగ్గిపోతాయి, గుండె కవాటాలకు తగిలిన దెబ్బ మాత్రం ఉండిపోవచ్చు. ఏళ్ళు గడిచాక ఆ కవాటమే గుండెను అలసటకు గురిచేస్తుంది. గొంతునొప్పులన్నీ ఇలాంటివి కావు. కాని జ్వరంతో కూడిన గొంతునొప్పిని డాక్టరుకు చూపిస్తే, అవసరమైనప్పుడు పెన్సిలిన్ ఇచ్చి ఈ ముప్పును మొదట్లోనే ఆపుతారు. రుమాటిక్ జ్వరం ఒకసారి వచ్చినవారికి మూడు నాలుగు వారాలకోసారి ఏళ్ళ తరబడి పెన్సిలిన్ సూది వేస్తారు. మీ తరగతిలో అలా వెళ్ళే నేస్తం ఉంటే, ఆ రోజు పాఠం రాసి ఇవ్వండి.

పెదనాన్నగారికి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలూ, గుండెకు మందులూ ఇచ్చారు. ఊరగాయా, అప్పడమూ మాన్పించారు. కొద్ది వారాల్లో చెప్పులు పట్టాయి. గోడ వదిలి ఒక్క దిండుకు వచ్చారు. చప్పిడి పప్పు గురించి మాత్రం మా పెద్దమ్మతో రోజూ తగాదాయే!