పాత కచేరి బాటసారుల బస యగుట

విద్యార్థులారా! కట్టడములకు రెండు విధములగు వార్ధక్యములు కలవు. గోడలు బీటలు వాఱుట, దూలములను చెదలు తినుట, పునాది క్రుంగుట మొదలగునవి మొదటివిధమునకు చేరినవి. గోడలును దూలములును గట్టిగానే యుండగా, ఏ పనికై కట్టడమును నిర్మించిరో ఆ పనియే అచటినుండి తొలగిపోవుట రెండవవిధము. మొదటిదానికి మేస్త్రి చికిత్స చేయగలడు. రెండవదానికి ఊరివారందఱును గూడి ఆలోచింపవలసి యుండును. ఈ రెండవ వార్ధక్యమును గుఱించియు, ముఖ్యముగా పనితీరిన పాత కచేరిని బాటసారుల బసగా మార్చు విధమును గుఱించియు ఈ పాఠమునందు విచారింతము.

కచేరులకు పని తీరుట యెట్లు?

తంతి వార్తలకై కట్టిన గదులు మన దేశమునందు అనేక పట్టణములలో నుండెను. 2013వ సంవత్సరము జూలై నెలలో తంతి సేవ నిలిపివేయబడగా ఆ గదులకు పని లేకపోయెను. దస్త్రములను కట్టలుగట్టి దాచుటకు నిర్మించిన విశాలమైన గదులు, లెక్కలన్నియు కంప్యూటరులలోనికి ఎక్కిన పిదప సగము ఖాళీయాయెను. జిల్లాల విభజనవలనను కచేరులు స్థలము మారుచుండును. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు పునర్విభజింపబడినప్పుడు మన డెల్టాలో అమలాపురము, భీమవరము క్రొత్తగా జిల్లా ముఖ్యపట్టణములాయెను. ఇట్లు ఒకచోట గదులు చాలకపోవుటయు, మఱియొకచోట గదులు మిగిలిపోవుటయు సహజము.

మిగిలిన కట్టడమును ఏమి చేయవలెను? మూడు మార్గములు కలవు. ఊరక విడిచిపెట్టుట మొదటిది. ఇది ఖర్చులేని మార్గమువలె కనబడును గాని నిజము కాదు. పిట్ట వేసిన గింజనుండి గోడ సందున రావిమొక్క మొలచును. రెండు మూడు వర్షకాలములలో దాని వేరు ఇటుకలను విడదీయును. పడగొట్టి క్రొత్తది కట్టుట రెండవది. ఇందువలన పూర్వులు వెచ్చించిన మన్ను, వంటచెఱకు, సున్నము, టేకు, కూలివారి చెమట, అన్నియు ఒక్కమాఱు మట్టిపాలగును. పాత దేహమునకు క్రొత్త పని యిచ్చుట మూడవది.

మన కన్నులయెదుటి యుదాహరణము

రాజమహేంద్రవరమునందలి హేవలాకు వంతెనను చూడనివారు మనలో అరుదు. ఇది కచేరి కాదు. అయినను పనితీరిన కట్టడమునకు ఇంతకంటె పెద్ద యుదాహరణము మన సీమలో లేదు. దీని నిర్మాణము 1897వ సంవత్సరము నవంబరులో ప్రారంభమై, 1900వ సంవత్సరము ఆగస్టులో దీనిమీద రాకపోకలు మొదలాయెను. వాల్టను అను ఇంజనీరు పర్యవేక్షించెను. నాటి మద్రాసు గవర్నరు పేరు దీనికి పెట్టిరి. ఇందు ఒక్కొక్కటి 150 అడుగుల పొడవుగల 56 ఖానాలు కలవు. గుణించి చూడుడు: 8,400 అడుగులు, అనగా మైలున్నరకు మించినది. ఇంచుమించు నూఱేండ్లు మద్రాసు కలకత్తాల నడుమ రైళ్లను మోసి, నదిపై మూడవ వంతెన సిద్ధమైన పిమ్మట 1997లో విశ్రాంతి పొందినది.

నాటినుండి ఆ యినుమును ఏమి చేయవలెనను ప్రశ్న ఊరివారిని విడువలేదు. తుక్కుగా అమ్మవలెనా? కాలినడక బాటగా మార్చవలెనా? యాత్రికులకు విహారస్థలము చేయవలెనా? ప్రశ్న పుట్టిన యిరువదెనిమిదేండ్లకు, 2025వ సంవత్సరము జూన్ 26వ తేదీన, అఖండ గోదావరి యను పథకమునకు శంకుస్థాపన జరిగెను. ఈ వంతెనను పర్యాటక స్థలముగా తీర్చుట ఆ పథకములో ఒక భాగము. ఇందువలన మనము నేర్చుకొనవలసిన దేమనగా: కట్టడమునకు పని తీరు దినము ముందుగనే తెలియును, తరువాతి పనిని గుఱించిన ఆలోచనయు ముందుగనే మొదలుపెట్టవలెను. ఆలస్యము చేసిన ప్రతి సంవత్సరమును త్రుప్పునకు దక్కును.

కచేరి హోటలైన విధము

మన ఊళ్లలో హోటలనగా భోజనము, ఫలహారము దొరకు చోటని వాడుక. ఇచట ఆ మాటకు పండుకొనుటకు గదులుగల బస యని యర్థము చెప్పుకొందము. మన సత్రములును, పూర్వపు ట్రావెలర్సు బంగళాలును దీనికి చుట్టములే.

సింగపూరునందు నదీముఖమున ఫుల్లర్టను భవనమనునది కలదు. అది 1928లో తెఱవబడెను. అందు పెద్ద తపాలా కచేరియు, వర్తకుల సంఘమును, ప్రభుత్వ శాఖలును ఉండెను. మన తెలుగువారును బ్రతుకుతెరువునకై ఆ రేవునకు పోయి నివసించినవారే. 1942లో యుద్ధము పైబడినప్పుడు ఆ భవనములో గాయపడినవారికి చికిత్స జరిగెను. 1996లో తపాలా కచేరి అచటినుండి తరలిపోయెను. భవనమును కూల్చక, బయటి స్తంభములను నిలిపి, లోపల 400 గదులు ఏర్పఱచి, 2001లో హోటలుగా ప్రారంభించిరి. 2015లో అది ఆ దేశపు జాతీయ స్మారక చిహ్నములలో చేర్చబడెను.

హైదరాబాదునందలి ఫలక్‌నుమా ప్రాసాదము కచేరి కాకున్నను ఇట్టి మార్పును పొందినదే. దీనికి 1884లో పునాది వేసిరి. పిదప అది నిజాముగారికి చెందినది. చిరకాలము మూతపడి యుండి, పదియేండ్ల మరమ్మతు జరిగిన తరువాత 2010లో హోటలాయెను. చక్కగా చేయదలచినవారికి ఎంత ఓర్పు కావలయునో దీనివలన తెలియుచున్నది.

మూడు పరీక్షలు

ఇక మన డెల్టాలో నొక పాత కచేరిని ఊహింపుడు. రెండంతస్తులు, సున్నపు గోడలు, టేకు దూలములు, చుట్టును వసారా. దీనిని బసగా మార్చుటకు ముందు మూడు పరీక్షలు కావలెను.

మొదటిది బలపరీక్ష. ఒక యంతస్తు మోయవలసిన బరువునకు మన దేశమున ప్రమాణములు కలవు. హోటలు పడకగదికి చదరపు మీటరునకు సుమారు 200 కిలోగ్రాములు. కచేరి గదులకు, దస్త్రములుంచు పద్ధతినిబట్టి, 250 మొదలు 400 కిలోగ్రాములవఱకు. కావున కచేరిగా చక్కగా నిలిచిన అంతస్తు పడకలను మోయగలదని ఆశింపవచ్చును. కాని భోజనశాలకు 400 కిలోగ్రాములు లెక్క. అది క్రిందియంతస్తున నుండుట మేలు. దూలపు కొనలు గోడలోనికి పోవుచోట చెమ్మ చేరి పుచ్చియుండునేమో గ్రుచ్చి చూడవలెను. పాత సున్నపు గోడకు సిమెంటు పూత పూయరాదు. సున్నము ఊపిరి పీల్చును, సిమెంటు ఊపిరి బిగించును. లోని చెమ్మ బయటికి రాలేక ఉప్పు పొంగి ఇటుక పొడియగును. సున్నమునకు సున్నమే మందు.

రెండవది వరదపరీక్ష. 1986వ సంవత్సరము ఆగస్టు నెలలో ధవళేశ్వరమువద్ద గోదావరిలో సెకనునకు 35 లక్షల ఘనపుటడుగులకు మించి నీరు పాఱెను. ఆనాడు నీరెక్కడివఱకు వచ్చెనో ఊరి పెద్దలు గోడమీద చేయిపెట్టి చూపగలరు. విద్యుత్తు పెట్టెలు, ధాన్యపు కొట్లు, యంత్రములు ఆ గీతకు పైగా నుండవలెను. ఈ సంగతి నగరమునుండి వచ్చిన పటము గీయువానికి తెలియదు; ఎదుటియింటి ముసలమ్మకు తెలియును.

మూడవది నీటిపరీక్ష. కచేరిలో పనిచేయువానికి దినమునకు 45 లీటరులు, హోటలులో ఒక పడకకు 180 లీటరులు అని లెక్క. మన కచేరిలో 60 మంది గుమాస్తాలుండిరనుకొనుడు. వారికి 2,700 లీటరులు చాలెను. దానిని 24 గదులు, 48 పడకలు గల బసగా మార్చినచో 8,640 లీటరులు కావలెను. మూడు రెట్లకు పైగా. వచ్చిన నీరు తిరిగి మురికినీరై పోవలెను గదా! ఎక్కడికి పోవును? మన డెల్టాలో కాలువలు పొలములకు మాత్రమే కావు. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు గ్రామముల మంచినీటి చెఱువులను వానితోనే నింపుకొందురు. ఎగువ ఊరి అతిథి స్నానము చేసిన నీరు దిగువ ఊరి బిడ్డ కడవలోనికి పోగూడదు. శుద్ధిచేయు తొట్లకు స్థలము లేనిచో ఆ కచేరి బసయగుటకు తగదని నిర్ణయింపవలెను.

ఊరివారి మాట

ఇంతవఱకు ఇంజనీరు చెప్పగలడు. ఇకమీదటిది ఊరివారు చెప్పవలసినది. కచేరి ఒంటరిగా బ్రతుకదు. దాని గోడనీడను అర్జీలు వ్రాయువారు, స్టాంపులమ్మువారు, తేనీటి బడ్డీవారు, రిక్షాలును ఆటోలును నడుపువారు తమ కుటుంబములను పోషించుకొనుచుందురు. కచేరి తరలిన దినముననే వారికి సగము జీవనము పోవును. అచటికి బస వచ్చుచున్నదని వినిన వెంటనే వారికి ఆశయు భయమును ఒక్కమాఱే కలుగును. పని దొరకునేమో యని ఆశ; ఉన్న బడ్డీని తీసివేయుదురేమో యని భయము.

కావున సభ చేయవలెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1890లోనే రాజమహేంద్రవరమునందు పురమందిరమును కట్టించిరి. ఊరి సంగతులను ఊరివారు కూడి మాటలాడుకొనుటకు ఒక కప్పు అవసరమని వారెఱుగుదురు. అయితే సభ పేరునకు జరిగిన చాలదు. పటములు గీయకముందే మొదటి సభ జరుగవలెను. గీసిన పిదప పిలుచుట చెప్పుటకే గాని అడుగుటకు కాదు. ప్రకటన తెలుగులో నుండవలెను, దండోరా వేయించవలెను. ఊడ్పులు, కోతలు జరుగు దినములను విడిచి, కూలివారును స్త్రీలును రాగల సాయంకాలము నేర్పఱుపవలెను. చెప్పిన ప్రతిమాటను వ్రాసికొనవలెను. రెండవ సభలో ఒక్కొక్క మాటకు ఇది యంగీకరించితిమి, ఇది యంగీకరింపలేదు, కారణమిది యని చదివి వినిపింపవలెను. మాట తీసికొని మారు చెప్పకపోవుటకంటె అసలే అడుగకపోవుట తక్కువ యవమానము.

అట్టి సభలో ఒకరు లేచి యిట్లనవచ్చును: “ఈ కచేరి మన పన్నులతో కట్టినది. ధనవంతులు పండుకొనుటకు దీనిని ఏల యియ్యవలెను?” ఈ యాక్షేపణను నవ్వి త్రోసివేయరాదు, ఇది బలమైనది. దీనికి ప్రత్యుత్తరము షరతులలో నుండవలెను. కట్టడమును అమ్మక కౌలునకు మాత్రమే యియ్యవలెను. కౌలు సొమ్ములో కొంత ఆ వీధి మురుగునకును దీపములకును వినియోగింపవలెను. క్రింది వసారాయు పెద్ద చెట్టు నీడయు అందఱకును తెఱచియుండవలెను. వంటకు, తోటకు, కాపలాకు ఆ ఊరివారిని నేర్పి పెట్టుకొనవలెను. పాత బడ్డీవారికి గోడవెంబడి స్థలము చూపవలెను. రాత్రి పదిగంటల తరువాత మైకులు మ్రోగరాదు. ఈ షరతులు నోటిమాటగా గాక కౌలుపత్రములోనే వ్రాయబడవలెను. ఇవి పొసగనిచో, ఆ గదులు గ్రంథాలయముగనో బాలికల వసతిగృహముగనో యుండుట మేలు. అందుచేత సభలో మొదటి ప్రశ్న “హోటలు ఎట్లుండవలెను?” అనునది కాదు, “హోటలు కావలెనా?” అనునదియే.

జనుల మాటకును హద్దు కలదు. అగ్నిప్రమాదమున తప్పించుకొనుటకు రెండవ మెట్లబాట వలదని పదిమంది చెప్పినను అది యుండవలసినదే. అట్లే ఎక్కువమంది చేతులెత్తిరని ఒక్క బడ్డీవాని బ్రతుకును తీసివేయుట న్యాయము కాదు. బలమును గుఱించి లెక్కయు, న్యాయమును గుఱించి మనస్సాక్షియు, అవసరమును గుఱించి జనులును చెప్పవలెను. ఈ మూడును కలిసినచోట పాత గోడకు క్రొత్త ఆయుస్సు కలుగును.

అభ్యాసము

1. మీ ఊరిలో పనితీరిన కట్టడ మొకదాని పొడవు వెడల్పులను అడుగులతో కొలిచి పటము గీయుడు. ఏ గదికి కిటికీ లేదో గుఱుతు పెట్టుడు.

2. 30 గదులు, గదికి రెండు పడకలు గల బసకు దినమునకు ఎన్ని లీటరుల నీరు కావలెను? నెలకెంత? ఆ మురికినీరు ఏ కాలువవైపు వాలునో విచారింపుడు.

3. 1986 నాటి వరద మీ వీధిలో ఎంతవఱకు వచ్చెనో ముగ్గురు పెద్దలను వేఱువేఱుగా అడిగి, వారి మాటలను సరిచూడుడు.

4. ఆ కట్టడము చుట్టును జీవించువారి వృత్తులను వ్రాసి, అది బసయైనచో ఎవరికి లాభము, ఎవరికి నష్టము కలుగునో రెండు వరుసలుగా చూపుడు.

5. తరగతిలో సభ జరుపుడు. సగము మంది హోటలు కావలెననియు, సగము మంది గ్రంథాలయము కావలెననియు వాదింపుడు. పిమ్మట పక్షములు మార్చుకొని మరల వాదింపుడు. ఎదుటివారి మాటలలో మీకు సరియని తోచినదానిని ఒక్క వాక్యములో వ్రాయుడు.